తుంగభద్రలో కయాక్ మీద గాలం వేట: నీళ్ళు చూసుకోవడం నుంచి పడవ ఆరబెట్టేదాకా

కర్నూలు చుట్టుపక్కల కొత్తగా కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) కొన్నవాళ్ళు, కొనాలని చూస్తున్నవాళ్ళు ముందుగా అడిగేది "ఏ రాడ్ తీసుకోవాలన్నా?" అనే. రాడ్ సంగతి తర్వాత చూద్దాం. పడవలోంచి నీళ్ళలో పడితే మళ్ళీ మీ అంతట మీరు ఎక్కగలరా? ఎక్కలేకపోతే ఎంత ఖరీదైన రాడ్ కొన్నా అది ఏటి అడుక్కే చేరుతుంది. అందుకే ఇందులో పడవ పని ముందు వస్తుంది, చేప బాగా ఆలస్యంగా వస్తుంది.

ఇక్కడ చెప్పేది ఫిబ్రవరి నడిమి నుంచి ఉగాది వరకు, ముగ్గురు నలుగురు స్నేహితులు కలిసి వెళ్ళే ఒక ఉదయం గురించి. వానాకాలపు తుంగభద్రకు ఇందులో ఏదీ వర్తించదు. ఎర్రనీళ్ళు వచ్చే రోజుల్లో గట్టు దిగకండి.

## 1. ముందు నీళ్ళు ఎంచుకోండి

ఈ కాలంలో కర్నూలు ఊరి పక్కన తుంగభద్ర చాలాచోట్ల బండలు తేలి, మడుగులు మడుగులుగా ఉంటుంది. అక్కడ కయాక్ ఎక్కడం కన్నా మోసుకుపోవడమే ఎక్కువ. కాస్త ఎగువన సుంకేసుల బ్యారేజీ వెనక నిలిచిన నీళ్ళు కొత్తవాళ్ళకు నయం. ప్రవాహం తక్కువ, లోతు ఓ మాదిరి, ఒడ్డున జమ్ము, తుంగ ఉంటాయి కాబట్టి చేపకూ చాటు దొరుకుతుంది.

ఒక్క షరతు. బ్యారేజీ గేట్లకు కనీసం అర కిలోమీటరు ఎగువనే ఉండండి. గేట్ల దగ్గర పైకి నిమ్మళంగా కనిపించే నీళ్ళు కింద లాగుతుంటాయి. గేట్ల దిగువకైతే అసలు పోవద్దు.

ఇక్కడ వాన పడకపోయినా నీటిమట్టం పెరగొచ్చు. కె.సి. (కర్నూలు-కడప) కాలువ సుంకేసుల దగ్గరే మొదలవుతుంది. దాని వాటా నీళ్ళను ఎక్కడో హోస్పేట దగ్గరున్న తుంగభద్ర డ్యాం నుంచి నదిలోకి వదులుతారు. ఆకాశంలో మబ్బుతునక లేని ఉదయం కూడా నీళ్ళు ఎక్కడానికి కారణం ఇదే. కాబట్టి ఆకాశం ఒక్కటే చూసి బయలుదేరకండి. ముందురోజు ఒడ్డున ఉండే చేపలవాళ్ళను అడగండి. "రాత్రి జానెడు ఎక్కినాయి సామీ, పైన ఇడిసినట్టుండారు" అని ఒక్క మాట వినిపిస్తే ఆ వారానికి ప్లాన్ మానుకోండి.

మిగతా చోట్ల గురించి కూడా అడుగుతుంటారు కాబట్టి క్లుప్తంగా:

- సంగమేశ్వరం వైపు శ్రీశైలం వెనుక జలాలు: చూడ్డానికి బాగుంటుంది, మొదటిసారికి వద్దు. నీళ్ళు తగ్గేకొద్దీ రేవు జరిగిపోతూ ఉంటుంది, మధ్యలో ఒండ్రులో కాలు మోకాలి దాకా దిగబడుతుంది. నల్లమల అంచు పులుల అభయారణ్యం కిందికి వస్తుంది. అక్కడ అటవీ శాఖ అనుమతి లేకుండా గాలం వేస్తే కేసే.
- కె.సి. కాలువ, హంద్రీ-నీవా కాలువ: వద్దే వద్దు. గట్లు ఏటవాలుగా, జారుడుగా ఉంటాయి. పడితే పైకి ఎక్కడానికి పట్టు దొరకదు, ముందు తూము ఎక్కడుందో తెలియదు.
- కడప, అనంతపురం వాళ్ళకు: ఈ నెలల్లో పెన్నలో ఇసుకే ఎక్కువ. మిగిలేవి మైలవరం, గండికోట, చిత్రావతి, పెన్నా అహోబిలం లాంటి జలాశయాలు. అవి విశాలం కాబట్టి గాలి లేచిందంటే అల గట్టిగా కొడుతుంది. ఒడ్డుకు వంద అడుగుల లోపలే తిరగండి. జలవనరుల శాఖ అనుమతి లేకుండా వాటిలో పడవ దించకూడదు.

## 2. ఎవరిని అడగాలి

పడవ దించడానికి బ్యారేజీ చూసే జలవనరుల శాఖ ఇంజనీర్ల ఆఫీసులో అడగాలి. చేపల హక్కు ఎక్కువచోట్ల మత్స్యకారుల సహకార సంఘాలదో, మత్స్యశాఖ లైసెన్సు ఉన్నవాళ్ళదో అయివుంటుంది. మీరు సరదాకు పట్టి వదిలేసినా, వాళ్ళకు అది బువ్వ. జిల్లా మత్స్యశాఖ ఆఫీసులో ఆ చోటు ఎవరి కింద ఉందో కనుక్కుని, ఆ సంఘం పెద్దమనిషిని కలిసి చెప్పుకోండి.

ఇంకో మెలిక ఉంది. సుంకేసుల దగ్గర ఇవతలి గట్టు కర్నూలు జిల్లా, అవతలి గట్టు తెలంగాణ. ఇక్కడ తీసుకున్న అనుమతి అక్కడ చెల్లదు. నది నడుమ గీత ఎవరూ గీయలేదు కాబట్టి మీరే ఇవతలి ఒడ్డున ఉండండి.

అడగడం వల్ల ఇంకో లాభం ఉంది. ఎక్కడ వల కట్టారు, ఎక్కడ ఇసుక తవ్విన గుంత ఉంది, మొసలి ఏ మడుగు దగ్గర కనబడింది అన్నవి ఏ మ్యాప్‌లోనూ దొరకవు. పుట్టి మీద రోజూ తిరిగే మనిషికి తెలుసు. "అన్నా, ఈ పక్క వలలు యాడ కట్టినారు?" అని మర్యాదగా అడిగి, చెప్పింది విని, ఆ వైపు పోకండి. మొసలి ఉందని చెప్పారంటే ఆ మడుగు మీది కాదు.

## 3. పడవ, తెడ్డు, జాకెట్

పడవ: పైన కూర్చునే రకం కయాక్ తీసుకోండి, లోపల దూరి కూర్చునేది వద్దు. పైన కూర్చునేదాంట్లో నీళ్ళు చేరినా అడుగు రంధ్రాల్లోంచి పోతాయి, పడితే మళ్ళీ ఎక్కడం తేలిక. పొడవు 10 నుంచి 12 అడుగులు, వెడల్పు 30 అంగుళాలకు పైన ఉంటే నిలకడగా ఉంటుంది. పడవ మీద రాసిన బరువు పరిమితిలో మూడింట రెండొంతులకు మించి ఎక్కించకండి. మీ బరువు, సామాను, నీళ్ళ సీసాలు, అన్నీ లెక్కలోకి వస్తాయి.

గాలి కొట్టే పడవ కారు డిక్కీలో పడుతుందని చాలామంది దానికే మొగ్గుతారు. మన ఏటి గట్లన్నీ సర్కారు తుమ్మ కంపలే. ముల్లు గుచ్చుకుంటే ఉదయం అక్కడితో అయిపోయినట్టే. తప్పదనుకుంటే రేవు దాకా టార్పాలిన్ పరిచి మోయండి, గాలాలన్నీ మూత ఉన్న డబ్బాలో పెట్టండి.

తెడ్డు: వెడల్పు పడవకు 240 సెంటీమీటర్ల తెడ్డు సరిపోతుంది. పొట్టి తెడ్డయితే ప్రతిసారీ పడవ అంచుకు తగిలి ఠక్‌మంటుంది, చేప దూరం పోతుంది, మీ చేతి గణుపులు కూడా కొట్టుకుపోతాయి. తెడ్డుకు ఒక తాడు కట్టి పడవకు తగిలించండి.

లైఫ్ జాకెట్: సీటు వెనక పెట్టుకునే జాకెట్ లేనట్టే లెక్క. వేసుకుని, పట్టీలన్నీ బిగించి, పక్కవాణ్ణి భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమనండి. అది గడ్డం దాటి చెవుల దాకా వస్తే వదులుగా ఉన్నట్టు. బిగించండి, లేదా చిన్న సైజు తెచ్చుకోండి. ఈత రానివాళ్ళను ఈ ట్రిప్పుకు తీసుకెళ్ళకండి. జాకెట్ ఉంది కదా అని వాదిస్తారు. నీళ్ళలో పడగానే బెదిరిపోయేవాడు జాకెట్ ఉన్నా పక్కవాడి మెడ పట్టుకుంటాడు.

## 4. ముందురోజు సాయంత్రం

ఎర కలపడం: మన వైపు కొదవ లేనిది వేరుశనగ చెక్క. గుప్పెడు చెక్కను ముందురోజు మధ్యాహ్నమే కొద్ది నీళ్ళలో నానబెట్టండి. సాయంత్రానికి మెత్తబడుతుంది. రెండు గుప్పిళ్ళ తవుడును నూనె లేకుండా కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, చల్లారాక అందులో కలపండి. పట్టు కోసం మైదా కొద్దికొద్దిగా వేస్తూ, చపాతీ పిండి కన్నా కాస్త గట్టిగా పిసకండి.

పిండి కుదిరిందో లేదో ఇంట్లోనే చూడొచ్చు. శనగగింజ అంత ఉండను గాలానికి పెట్టి, చెంబుడు నీళ్ళలో వేలాడదీయండి. మూడు నాలుగు నిమిషాలు నిలిచి, ఆ తర్వాత అంచులు మెల్లగా కరగాలి. వెంటనే రాలిపోతే మైదా తక్కువ. పది నిమిషాలైనా చెక్కుచెదరకపోతే మైదా ఎక్కువ, వాసన బయటికి రాదు, చేప కూడా రాదు. తడిగుడ్డలో చుట్టి పెట్టుకోండి. ఫ్రిజ్‌లో పెడితే పొద్దునకు రాయి అవుతుంది.

వానపాములు కావాలంటే చల్లటి తడిమట్టితో సహా డబ్బాలో వేసి మూతకు చిల్లులు పెట్టండి.

ఇంట్లో చెప్పడం: ఏ రేవు దగ్గర దిగుతున్నారు, ఎవరెవరు, ఎన్నింటికి ఫోన్ చేస్తారు అన్నది ఇంట్లో ఒకరికి మెసేజ్ పెట్టండి. "పదిన్నరకు ఫోన్ రాకపోతే 112కు చెయ్" అని కూడా రాయండి. ఇంట్లో టెన్షన్ పడతారని చెప్పకుండా పోయేవాళ్ళున్నారు. చెప్పకపోతేనే అసలు టెన్షన్.

మూటగట్టాల్సినవి (ఒక్కొక్కరికి):

- లైఫ్ జాకెట్, దానికి కట్టిన విజిల్
- తెడ్డు, తెడ్డు తాడు
- రెండు లీటర్ల నీళ్ళు, ఉప్పేసిన మజ్జిగ ఒక సీసా
- నీళ్ళు చొరని పౌచ్‌లో ఫోన్, అది మెడలో
- జాకెట్‌కు తగిలించిన చిన్న కత్తి
- టోపీ, పొడుగు చేతుల చొక్కా, వెనక పట్టీ ఉన్న చెప్పులు
- మార్చుకోవడానికి బట్టలు (బండిలోనే ఉంచండి)

గుంపుకంతటికీ ఒకటి: ప్రథమ చికిత్స డబ్బా, పొడుగు ముక్కు పటకారు, కటింగ్ ప్లేయర్, యాభై అడుగుల తేలే తాడు, ఫ్లాస్కులో వేడినీళ్ళు. ఫ్లాస్కు టీకి అనుకునేరు. దాని పని 9లో చెబుతాను.

బూట్లు, జీన్స్ ప్యాంటు వద్దు. తడిస్తే రెండూ బరువెక్కి, పడవ ఎక్కనివ్వవు.

## 5. గాలం సరంజామా

దీని మీద గంటలు గంటలు మాట్లాడుకుంటారు కానీ మొదటి ఉదయానికి ఇంతే చాలు. ఆరు, ఆరున్నర అడుగుల మీడియం స్పిన్నింగ్ రాడ్, 2500 లేదా 3000 సైజు రీల్, 12 పౌండ్ల బరువు ఆపే తంగూసు (నైలాన్ తీగ). గాలాలు 6 నంబరువి కొన్ని, 1/0 వి కొన్ని. గాలాల్లో నంబరు పెరిగేకొద్దీ సైజు తగ్గుతుంది, 1/0 దగ్గర నుంచి మళ్ళీ పెరుగుతుంది. షాపులో తికమక పడకండి. నీటి మీద తేలే బెండ్లు, సీసపు గుండ్లు, ఒక కప్ప ఆకారపు రబ్బరు ఎర.

మనిషికి ఒక్క రాడ్. రెండు తెస్తే రెండోది తెడ్డుకు తగులుకోవడానికే.

ముడి: తంగూసును గాలం కంట్లోంచి దూర్చి, కొసను అసలు తీగ చుట్టూ ఆరు చుట్లు తిప్పండి. కొసను గాలం కన్ను పక్కనున్న చిన్న ఉచ్చులోంచి తీసి, అప్పుడు ఏర్పడిన పెద్ద ఉచ్చులోంచి మళ్ళీ తీయండి. బిగించేముందు ఉమ్మితో తడపడం మరవొద్దు. పొడిగా లాగితే రాపిడికి వేడెక్కి తంగూసు అక్కడే బలహీనపడుతుంది. పెద్ద చేప తెగింది అని బాధపడేవాళ్ళ తంగూసు కొస చూడండి. ముంగురుల్లా మెలికలు తిరిగి ఉంటే తెగినట్టు కాదు, ముడి జారినట్టు.

ముడులన్నీ ఇంట్లో, లైటు కింద వేసుకోండి.

## 6. గట్టు మీద పదిహేను నిమిషాలు

కర్నూలులో సూర్యుడు ఫిబ్రవరి నడుమ ఆరూ నలభై ప్రాంతంలో, మార్చి నడుమ ఆరున్నర లోపే పొడుస్తాడు. దానికి అరగంట ముందు రేవులో ఉండండి. చీకట్లో మాత్రం పడవ దించకండి, వలలు కనబడవు.

ఈ వరుసలో చేయండి:

1. నీటి అంచున ఒక పుల్ల గుచ్చండి. తెడ్డు సాధన అయ్యాక, ఆ తర్వాత ఒడ్డుకు వచ్చినప్పుడల్లా దాన్ని చూడాలి.
2. చుట్టూ మోటార్లు, కరెంటు వైర్లు ఎక్కడున్నాయో చూడండి. రైతుల మోటారు తీగలు గట్టు మీద, ఒక్కోసారి తడిలోనే పడి ఉంటాయి. వాటికి యాభై అడుగుల లోపల పడవ దించొద్దు, తెడ్డుతో పక్కకు జరపాలని అసలే అనుకోవద్దు.
3. గాలి ఎటు నుంచి వీస్తుందో చూడండి. గడ్డిపోచలు గాలిలోకి వదిలితే తెలుస్తుంది.
4. ఒకరి జాకెట్ ఒకరు లాగి చూసుకోండి.
5. సామానంతా పడవకు తాడుతో కట్టండి. కట్టనిదంతా నదికి ఇచ్చేసినట్టే.
6. రాడ్లు గట్టు మీదే వదిలేయండి.

ఆరోది చదివి నవ్వుతారు. కిందిది కూడా చదవండి.

## 7. మొదటి అరగంట: గాలం లేకుండా

తెడ్డు పట్టడం: రెండు చేతులతో తెడ్డును తల మీద పెట్టుకోండి. మోచేతులు తొంభై డిగ్రీల్లో వంగేట్టు చేతులు సర్దుకోండి. అదే మీ పట్టు. తెడ్డు ఆకు లోపలికి వంగిన వైపు మీ ముఖానికి చూడాలి. తెడ్డును పాదాల దగ్గర నీళ్ళలో ముంచి, తుంటి దగ్గరికి వచ్చేసరికి బయటికి తీయండి. ఇంకా వెనక్కి లాగితే పడవ పక్కకు తిరుగుతుంది తప్ప ముందుకు పోదు. చేతులతో కాకుండా నడుం తిప్పుతూ వేయండి, లేకపోతే ఎనిమిదింటికే భుజాలు పట్టేస్తాయి.

ముందుకు, వెనక్కి, కుడికి, ఎడమకు తిప్పడం, ఉన్నట్టుండి ఆపడం. ఈ ఐదూ పదిహేను నిమిషాల్లో వచ్చేస్తాయి.

పడి, ఎక్కడం: ఛాతీ లోతు, గట్టి అడుగు ఉన్న చోట, ఒక్కొక్కరుగా కావాలని పడండి. పక్కవాడు దగ్గర్లో నిలబడి చూడాలి. సిగ్గుపడితే తర్వాత లోతులో పడాల్సి వస్తుంది.

- పడవ బోర్లా పడి ఉంటే, దాని పక్కన మధ్యలో నిలవండి. అడుగు మీదుగా చెయ్యి చాచి అవతలి అంచు గానీ, అడుగు రంధ్రం గానీ పట్టుకోండి. మోకాళ్ళు ఇవతలి అంచుకు ఆనించి వెనక్కి వాలండి. పడవ తిరుగుతుంది.
- ఇప్పుడు సీటు పక్కకు రండి. ముందు కొస నుంచి గానీ వెనక కొస నుంచి గానీ ఎక్కాలని చూస్తే మళ్ళీ తిరగబడుతుంది.
- కాళ్ళను పడవ కిందికి పోనివ్వకండి. ఈతలో లాగా వెనక్కి చాచి, నీటి పైకి వచ్చేదాకా తన్నండి. ఎక్కలేనివాళ్ళలో ఎక్కువమంది తప్పు ఇక్కడే. కాళ్ళు కిందికి వేలాడుతుండగా చేతుల బలంతో లేవాలని చూస్తారు.
- గట్టిగా తన్నుతూ అడ్డంగా పొట్ట మీద పడవ పైకి జారండి. ఒక్క క్షణం అలాగే ఉండి ఊపిరి పీల్చుకోండి.
- మెల్లగా పొర్లి పిర్రలు సీట్లోకి తెచ్చుకోండి. కాళ్ళు చిట్టచివర.

సాయం చేసేవాడు తన పడవను పక్కన ఆనించి, మీ పడవ అవతలి అంచు పట్టుకుంటే చాలు. చెయ్యిచ్చి లాగితే ఇద్దరూ నీళ్ళలోనే.

అలసిపోకుండా రెండుసార్లు వరుసగా ఎక్కగలిగితే రాడ్ తీసుకోండి. ఎక్కలేనివాళ్ళు ఆ రోజుకు నడుం లోతు దాటకుండా ఒడ్డు వెంటే వేట చేసుకోవాలి. స్నేహితుల మధ్య ఇది చెప్పడానికి మొహమాటంగా ఉంటుంది, అందుకే గుంపులో ఒకరిని ముందే పెద్దగా అనుకోండి. నీళ్ళ మీద ఆ మనిషి మాటే మాట. మందు సంగతి కూడా ఆ మనిషే చూడాలి. బీరు నీళ్ళ మీదే కాదు, దిగేముందు గట్టు మీద కూడా వద్దు.

## 8. నీళ్ళ మీద నడక, లంగరు

జంటలుగా ఉండండి. జంటలో ఇద్దరి మధ్య ముప్పై అడుగులు. అంతకన్నా దగ్గరైతే ఒకరి గాలం ఇంకొకరి చెవికి తగులుతుంది, బాగా దూరమైతే పిలుపు వినపడదు. విజిల్ ఒకసారి కొడితే "ఇటు చూడు", మూడుసార్లు కొడితే "రా, ఆపద". ఊరికే సరదాకు విజిల్ వేసేవాణ్ణి మొదటిసారే ఆపండి.

బయలుదేరేటప్పుడు గాలికి ఎదురు వెళ్ళండి. తిరిగి వచ్చేసరికి ఒంట్లో సత్తువ తగ్గి ఉంటుంది, అప్పుడు గాలి తోస్తే సుఖం. ఉదయం తొమ్మిదిన్నర, పదింటికి గాలి లేవడం మామూలే.

వరుసగా తేలుతున్న థర్మకోల్ ముక్కలు, ఖాళీ ప్లాస్టిక్ సీసాలు కనిపిస్తే అది వల. దాన్ని దాటకండి, చుట్టి పోండి. తగులుకుంటే వల కోయకుండా, గాలం తంగూసునే కోసేసుకోండి. వాళ్ళ వలలో చేప ఎగురుతున్నా తాకొద్దు.

లంగరు విషయం కాస్త నిదానంగా చదవండి. కయాక్ మీద ప్రాణం మీదికి తెచ్చే వస్తువు ఇదే. ప్రవాహంలో లంగరు తాడును పడవ పక్కన కట్టారంటే, తాడు బిగుసుకోగానే ఆ వైపు అంచు కిందికి వంగి, నీళ్ళు ఎక్కి, క్షణంలో పడవ తిరగబడుతుంది. తాడు ఎప్పుడూ ముందు కొసనో వెనక కొసనో ఉండాలి.

- ప్రవాహం కంటికి కనిపించేంత ఉంటే లంగరు వేయకండి. ఒడ్డుకు ఆనుకుని వేట చేసుకోండి.
- ఒకటిన్నర కిలోల మడత లంగరు చాలు. తాడు పొడవు, లోతుకు కనీసం మూడు రెట్లు.
- ముడి ఒక్క లాగుతో ఊడేది వేయండి. ఊడకపోతే కోయడానికే జాకెట్ మీద కత్తి. లంగరు పోతే పోయింది.
- మన నదిలో బండల సందుల్లో లంగరు ఇరుక్కోవడం మామూలు. తాడును లంగరు అడుగు కొసకు కట్టి, పై రింగుకు ఒక సన్నటి ప్లాస్టిక్ ట్యాగుతో బిగించండి. ఇరుక్కున్నప్పుడు గట్టిగా లాగితే ట్యాగు తెగి, లంగరు వెనక్కి తిరిగి ఊడొస్తుంది.

మనిషి లోతు లోపల అయితే లంగరు కన్నా వెదురు గడ మేలు. బురదలో గుచ్చి, పడవ వెనక కొసను దానికి కట్టండి.

## 9. ఇక చేప

బొచ్చె పైపొరలో తింటుంది, రోహు, అంటే మన శీలావతి, నడి నీళ్ళలో, మృగాల చేప అడుగున. మూడూ ఒకే మడుగులో ఉన్నా మీ గాలం లోతును బట్టే ఏది తగులుతుందో తేలుతుంది. కాబట్టి ముందు లోతు కొలవండి. సీసపు గుండును అడుగుకు దించి, తంగూసు మీద గుర్తు పెట్టుకోండి. శీలావతికి ఆ లోతులో సగం దగ్గర గాలం వేలాడేట్టు బెండు కట్టండి. అరగంట చూసి, బెండు కదలకపోతే అడుగుకు దించండి. చోటు మార్చడం ఆ తర్వాత. కొత్తవాళ్ళు ఐదు నిమిషాలకో చోటు మారుస్తూ ఉదయమంతా తెడ్డు వేయడంలోనే గడిపేస్తారు.

ఎర వేసే చోట చిన్న గుప్పెడు పిండి ముందే చల్లండి. పిడికెడు మించితే చేప కడుపు నింపుకుని పోతుంది.

ఒడ్డు పక్క ఇసుకలో గుండ్రటి పళ్ళేల్లాంటి గుంతలు కనిపిస్తే అవి జిలేబి చేపల గూళ్ళు. వానపాము ముక్క, 6 నంబరు గాలం, సన్న బెండు. మొదటి చేప దీంతో పడితే అందరికీ ధైర్యం వస్తుంది.

కొరమీను కోసం జమ్ము అంచున, గుర్రపు డెక్క సందుల్లో చూడండి. అది గాలి పీల్చడానికి పైకి వస్తుంది కాబట్టి చిన్న బుడగ, నీటి మీద ఒక మెలిక కనిపిస్తుంది. ఆ చోటికి నాలుగడుగులు అవతల కప్ప ఎర వేసి, ఆకుల మీదుగా ఆగి ఆగి లాగండి. దబ్బున మింగినప్పుడు వెంటనే లాగొద్దు. ఒకటి, రెండు అని మనసులో లెక్కపెట్టుకుని అప్పుడు లాగండి. నీటి మీద ఎర్రటి పిల్లల గుంపు ముద్దగా కదులుతుంటే కింద తల్లీతండ్రీ కాపలా ఉన్నట్టు. అక్కడ వేస్తే తప్పకుండా పడుతుంది, అయినా వేయకండి. పెద్దవి పోతే ఆ పిల్లల్లో ఒకటీ మిగలదు.

చేప పడ్డాక: రీల్ బిగింపు తంగూసు బలంలో పావు వంతు దగ్గర ఉంచండి. రాడ్ కొన పడవ ముందు వైపు ఉండాలి. చేప లాగితే పడవే దాని వెంట పోతుంది, పోనివ్వండి, అదే దాన్ని అలసగొడుతుంది. చేప పక్కకు వచ్చాక చేతివలతో ఎత్తేటప్పుడు గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే: మీ తల పడవ అంచు దాటకూడదు. చెయ్యి చాచండి, నడుం వంచకండి. వేట మధ్యలో నీళ్ళలో పడేవాళ్ళు ఎక్కువగా పడేది చేపను చూడాలని వంగినప్పుడే.

జెల్ల, మార్పు, ఇంగిలాయి లాంటి మీసాల చేపలు పడితే వట్టి చేత్తో పట్టొద్దు. వీపు ముల్లు, పక్క ముళ్ళు గుచ్చుకుంటాయి, ఇంగిలాయి ముల్లుకు విషం కూడా ఉంది. గుచ్చుకుంటే ఫ్లాస్కులో వేడినీళ్ళు పని చేస్తాయి. ఓర్చుకోగలిగినంత వేడిలో, చర్మం కాలకుండా, అరగంటకు పైగా ముంచితే నొప్పి తగ్గుతుంది. ఆ తర్వాత డాక్టరు దగ్గరికి, టీటీ ఇంజెక్షన్‌కు. వాలుగ నోట్లో వేలు పెట్టొద్దు, పళ్ళుంటాయి.

తినడానికి కావలసినన్ని ఉంచుకోండి, చిన్నవి వదిలేయండి. వదిలేదాన్ని తడిచేత్తోనే పట్టుకోండి. తాబేలు తగులుకుంటే గాలం జాగ్రత్తగా తీసి వదలాలి, ఇంటికి తేవద్దు. మందుగుండు, విషం వాడి చేపలు పట్టడం 1897 నాటి చట్టం నుంచీ నేరమే. ఎవరైనా అలా చేస్తుంటే అక్కడి నుంచి వచ్చేయండి, పోట్లాడకండి.

## 10. తరచూ జరిగేవి, సర్దుకునే తీరు

పడవ ఒకే పక్కకు తిరుగుతోంది. సామాను ఒక వైపు బరువుగా ఉంది. నీళ్ళ సీసాలు మధ్యకు మార్చండి. అప్పటికీ తిరిగితే మీ ఒక చెయ్యి రెండోదానికన్నా దూరంగా తెడ్డు పట్టుకుంది.

గాలం విసరగానే పడవ ఊగుతోంది. పక్కకు విసురుతున్నారు. ముందుకు, గడియారంలో పది నుంచి రెండు దాకా ఉన్న దిక్కులోనే విసరండి.

గాలం అడుగున తట్టుకుంది. రాడ్‌తో పీకొద్దు. పడవను గాలం అవతలి పక్కకు తీసుకెళ్ళి లాగండి. రాకపోతే తంగూసును తెడ్డుకు చుట్టి లాగి తెంపండి. చేతికి చుడితే వేలు తెగుతుంది.

గాలం వేలికి దిగింది. కొస బయటికి వచ్చి ఉంటే ముల్లు కత్తిరించి వెనక్కి తీయొచ్చు. లోతుగా దిగితే, కంటి దగ్గరైతే, ఏమీ కదపకుండా తంగూసు కోసి ఆసుపత్రికి పోండి. అవసరమైతే 108.

నీళ్ళు రంగు మారాయి, ఆకులూ చెత్తా తేలివస్తున్నాయి, రేవులో పుల్ల మునిగింది. పై నుంచి నీళ్ళు వస్తున్నాయి. చేప గాలానికి ఉన్నా తెంపేసి, అందరూ దగ్గరి ఒడ్డుకు చేరండి. బండి ఉన్న ఒడ్డుకే చేరాలని చూడకండి.

ఉరుము వినబడింది. ఉగాది దగ్గర పడేకొద్దీ మన వైపు పిడుగుల వానలు మొదలవుతాయి. వెంటనే ఒడ్డుకు, చెట్టు కిందికి కాకుండా బండిలోకి. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగండి.

నడుచుకుంటూ పడవ లాగుతుంటే కాలు జారింది. ఇసుక తవ్విన గుంత అయివుంటుంది. తెడ్డుతో ముందు అడుగు పొడిచి చూసి, అప్పుడు కాలు వేయాలి. జాకెట్ గట్టు ఎక్కేదాకా విప్పొద్దు.

## 11. తొమ్మిదిన్నరకు ఒడ్డుకు

చేపలు పడుతున్నా సరే. మార్చిలో పదింటికే కర్నూలు ఎండ నెత్తి మీద సమ్మెట అవుతుంది, నీటి మీద అది కింది నుంచి కూడా కొడుతుంది. తలనొప్పి, వాంతి వచ్చినట్టుండడం కనిపిస్తే ఆ మనిషిని నీడలో పడుకోబెట్టి, తడిగుడ్డ వేసి, మజ్జిగ తాగించండి. మాట తడబడుతుంటే, చెమట ఆగిపోతే, ఏమీ తాగించకుండా తడుపుతూనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఒడ్డుకు రాగానే తలలు లెక్కపెట్టి, ఇంటికి ఫోన్ చేయండి. చేపలను ఐసులో పెట్టాకే ఉగ్గాని బజ్జీ మాట ఎత్తండి. కోయడం రేవులో కాకుండా ఇంట్లో చేసుకోండి, పేగులు ఒడ్డున పడేస్తే కుక్కలు, ఈగలు చేరతాయి.

తెగిన తంగూసు ముక్కలన్నీ ఏరి బండిలో వేసుకోండి. కొంగల కాళ్ళకు చుట్టుకునేది అదే.

ఇంటికి చేరాక:

- పడవను మంచినీళ్ళతో కడిగి, అంటుకున్న గుర్రపు డెక్క ముక్కలు ఒక్కటి కూడా మిగలకుండా తీయండి. చిన్న ముక్క ఇంకో చెరువుకు పోతే అక్కడ కమ్ముకుంటుంది.
- జాకెట్‌ను నీడలో ఆరేయండి. ఎండలో వేస్తే బట్ట, పట్టీలు త్వరగా పాడవుతాయి.
- గాలాలు తుడిచి, డబ్బాలో చుక్క కొబ్బరినూనె వేసి కదపండి.
- తంగూసు చివరి రెండు మూడు అడుగులు వేళ్ళ మధ్య పట్టి చూడండి. గరుకు తగిలితే అంతవరకు కోసేయండి.
- పడవను బోర్లా, నీడలో, రెండు టైర్ల మీద పెట్టండి. ఎండలో మిద్దె మీద పడేస్తే ప్లాస్టిక్ ఒంగిపోతుంది.